తప్పిన బంతికి కూడ లెక్క కలదు
బాస్కెట్‌బాలు ఆటలో సాంఖ్యకశాస్త్రము

మేము తెలుగు సాహిత్యము బోధించు వారము. బాస్కెట్‌బాలును గురించియు, సాంఖ్యకశాస్త్రమును గురించియు మేము వ్రాయబూనుట చూచి విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. కాని లెక్క మాకు కొత్త కాదు. పద్యపాదములో గణములు సరిపోయినవో లేదో తెలియుటకు గురులఘువులను లెక్కింపక తప్పదు. మా ఉర్దూ శాఖ మిత్రులు షేరు వజనులో ఉన్నదా లేదా అని వ్రేళ్ళమీద లెక్కింతురు. లెక్క తప్పిన పాదమును చెవి కొంతసేపు ఒప్పుకొన్నను, శాస్త్రము ఒప్పుకొనదు. ఆటలోను అంతే. అయినను ఈ వ్యాసమునకు మమ్ములను పురికొల్పినది ఛందస్సు కాదు. మా చేతిమీదుగా జరిగిన ఒక పొరపాటు.

కొన్ని సంవత్సరముల క్రిందట గోదావరికి అవతలి ఒడ్డున, పాత ఆదిలాబాదు జిల్లాలోని ఒక పట్టణములో జరుగబోవు పోటీకి కరీంనగరము నుండి ఒక కళాశాల జట్టు వెళ్ళవలసి ఉన్నది. పదకొండుమంది ఎంపికైనారు. చివరి స్థానమునకు ఇద్దరు విద్యార్థులు మిగిలినారు. వారి పేర్లు వద్దు. జెర్సీల మీది అంకెలతోనే పిలుచుకొందము. ఒకడు ఏడవ నంబరు. ఊరిలోనివాడు, చురుకైనవాడు, బంతి చేతికి వచ్చినచో వెంటనే విసరువాడు. ఇంకొకడు పదకొండవ నంబరు; ఆదిలాబాదు అడవి ప్రాంతపు పల్లె నుండి వచ్చి హాస్టలులో ఉండి చదువుకొనుచున్నవాడు, మాట తక్కువ, విసరుట కూడ తక్కువ. ఎంపికకై ఆడించిన ఆటలలో స్కోరు వ్రాయు పని మాకు అప్పగించినారు. ఏడవ నంబరు ఇరువదినాలుగు పాయింట్లు, పదకొండవ నంబరు పదునాలుగు పాయింట్లు చేసినారు. మేము ఆ అంకెలు వ్రాసి సంతకము చేసినాము. ఏడవ నంబరు జట్టుతో వెళ్ళినాడు.

ఆ సాయంకాలము పదకొండవ నంబరు మా వద్దకు వచ్చి, కోపము లేకుండ, ఒక్క మాట అన్నాడు: “పడ్డయి రాసిండ్రు సార్, పడనియి రాయలేదు గద.” మేము నవ్వి భుజము తట్టి పంపినాము. మరుసటి సంవత్సరము అతడు మైదానమునకు రాలేదు. అతని మాటకు సమాధానము వెదకుచు మేము చదివినది, నేర్చినది ఈ వ్యాసములో చెప్పుచున్నాము.

లవమును చూచి హారమును మరచుట

బాస్కెట్‌బాలు స్కోరుషీటును చూచినవారికి తెలియును. బంతి రింగులో పడినచో ఆటగాని నంబరు వ్రాసి, పాయింట్ల వరుసలో గీత కొట్టుదురు. మైదానము నుండి విసరిన బంతి పడకపోయినచో ఏమియు వ్రాయరు. ఎవరు గెలిచినారో తేల్చుటకు అది చాలును. ఎవరు బాగుగా ఆడినారో తేల్చుటకు చాలదు. భిన్నములో లవము మాత్రమే ఉన్నది, హారము లేదు.

హారము విలువ మన జిల్లాల వారికి ఎవరును నేర్పనక్కరలేదు. ఆదిలాబాదు పత్తి రైతులు ఇద్దరు కలిసినచో, నీకు మొత్తము ఎన్ని క్వింటాళ్ళు అని అడిగి ఊరుకొనరు. “ఎకరాకు ఎన్ని ఎల్లినయి?” అని అడుగుదురు. ఇరువది ఎకరముల వానికి నూరు క్వింటాళ్ళు, పది ఎకరముల వానికి ఎనుబది క్వింటాళ్ళు వచ్చినచో ఎవరి సేద్యము మేలో పిల్లవాడైనను చెప్పగలడు. సింగరేణి గనులలో కూడ మొత్తము టన్నులతోపాటు, ఒక్క కార్మికుడు ఒక్క షిఫ్టులో తీసిన బొగ్గు ఎంత అని లెక్క వేయుదురు. చేలో ఎకరము, గనిలో షిఫ్టు ఎట్టివో, ఆటలో అవకాశము అట్టిది.

క్రికెట్టు అభిమానులకు ఇంకొక ఉదాహరణము. హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 1999 నుండి 2022 వరకు 232 ఒకరోజు అంతర్జాతీయ పోటీలు ఆడి 7,805 పరుగులు చేసినది. ఆమె బ్యాటింగు చేసిన ఇన్నింగ్సులు 211. పరుగులను ఇన్నింగ్సులతో భాగించినచో సుమారు 37 వచ్చును. కాని అందులో 57 సార్లు ఆమె అవుటు కాలేదు. అవుటైన 154 సార్లతో భాగించినచో 50.68 వచ్చును. పరుగులు అవే, హారము మారినది, సగటు మారినది. రెండును తప్పు లెక్కలు కావు. ఒకటి, బ్యాటు పట్టిన ప్రతిసారి ఎన్ని పరుగులు వచ్చినవో చెప్పును. రెండవది, ఒక్క వికెట్టునకు ప్రతిపక్షము ఎంత మూల్యము చెల్లించినదో చెప్పును. కనుక సగటు వినినప్పుడు, దేనితో భాగించినారు అని అడుగుట మొదటి పాఠము.

బాస్కెట్‌బాలులో హారము ఏది?

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు పండ్ల బుట్టలను ఎత్తున కట్టించి ఈ ఆటను ఆరంభించినాడు. నేడు రింగు ఎత్తు 3.05 మీటర్లు. దగ్గరనుండి వేసిన బంతికి రెండు పాయింట్లు, వంపు గీత వెలుపలినుండి వేసినచో మూడు, ఫౌలు జరిగినప్పుడు ఇచ్చు ఫ్రీత్రోకు ఒకటి. మూడు పాయింట్ల గీత అమెరికా వృత్తి ఆటగాండ్ర సంఘమైన ఎన్.బి.ఏ.లో 1979లోను, అంతర్జాతీయ నియమములలో 1984లోను వచ్చినది.

ఇన్ని రకముల విసరులు ఉన్నందున కేవలము పడినవాటి శాతము చాలదు. రెండు పాయింట్ల షాట్లు నూటికి 50 పడినచో షాటుకు ఒక పాయింటు వచ్చును. మూడు పాయింట్ల షాట్లు మూడింట ఒకటి పడినను అదే ఒక పాయింటు వచ్చును. దూరమునుండి నూటికి 40 వేయువాడు షాటుకు 1.2 పాయింట్లు తెచ్చును. దగ్గరనుండి నూటికి 55 వేయువాడు 1.1 మాత్రమే తెచ్చును. శాతము తక్కువైనవాడు లాభము ఎక్కువ తెచ్చుట ఇక్కడ కలదు.

ఇక ఫ్రీత్రోలు. సాధారణముగా ఒక ఫౌలుకు రెండు ఫ్రీత్రోలు ఇత్తురు కనుక రెండు కలిసి ఒక అవకాశము. అనగా ఒక్కొక్కటి అర అవకాశము. కాని షాటు పడి, పైన ఫౌలుకు ఒక ఫ్రీత్రో దొరకిన సందర్భములు ఉన్నవి; దానికి కొత్త అవకాశము ఖర్చు కాలేదు. అందుచేత అరకంటె కొంచెము తగ్గించి 0.44 అని తీసుకొనుచున్నారు. ఎన్.బి.ఏ. ఆటలను పరిశీలించి నిర్ణయించిన అంకె ఇది. మన మైదానములో కొంచెము మారవచ్చునే గాని ఉజ్జాయింపునకు చాలును. కాబట్టి సూత్రము ఇది:

అవకాశములు = వేసిన షాట్లు + 0.44 × ఫ్రీత్రోలు
దక్షత = పాయింట్లు ÷ అవకాశములు

ఇక్కడ షాట్లు అనగా పడినవి, పడనివి అన్నియును.

మూడు ప్రసిద్ధమైన ఆటలు

సూత్రమును చరిత్రకెక్కిన మూడు ఆటలతో పరీక్షింతము.

1962 మార్చి 2న హెర్షీ పట్టణములో విల్ట్ చాంబర్లేన్ ఒకే ఆటలో 100 పాయింట్లు చేసినాడు. ఎన్.బి.ఏ.లో ఆ రికార్డును నేటివరకు ఎవరును దాటలేదు. అతడు 63 షాట్లు వేయగా 36 పడినవి. 32 ఫ్రీత్రోలలో 28 పడినవి. అవకాశములు 63 + 14.08 = 77.08. దక్షత 1.30.

2006 జనవరి 22న కోబీ బ్రయంట్ టొరంటో జట్టుపై 81 పాయింట్లు చేసినాడు. షాట్లు 46, ఫ్రీత్రోలు 20. అవకాశములు 54.8. దక్షత 1.48.

2016 డిసెంబరు 5న క్లే థాంప్సన్ ఇండియానా జట్టుపై 29 నిమిషములు మాత్రమే ఆడి 60 పాయింట్లు చేసినాడు. షాట్లు 33, ఫ్రీత్రోలు 11. అవకాశములు 37.84. దక్షత 1.59.

మొత్తములను బట్టి వరుస 100, 81, 60. దక్షతను బట్టి వరుస సరిగా తలక్రిందులైనది. ఇందువలన చాంబర్లేన్ ఘనత తగ్గినదని ఎవరును భావింపరాదు. డెబ్బదియేడు అవకాశములను ఒంటిచేతితో మోయుటయే సామాన్యము కాదు. ఆ కాలమున మూడు పాయింట్ల గీత కూడ లేదు. మొత్తము ఒక ప్రశ్నకు, దక్షత వేరొక ప్రశ్నకు సమాధానమని మాత్రమే ఇందువలన తెలియుచున్నది.

ఒక్క ఆటను గాక ఒక్క సంవత్సరమును తీసుకొన్నచో తీర్పు ఇంకను గట్టిపడును. 1961–62లో చాంబర్లేన్ 80 ఆటలలో 4,029 పాయింట్లు చేసినాడు. 3,159 షాట్లు, 1,363 ఫ్రీత్రోలు. దక్షత 1.07. 2015–16లో స్టీఫెన్ కరీ 79 ఆటలలో 2,375 పాయింట్లు చేసినాడు. 1,598 షాట్లు, 400 ఫ్రీత్రోలు. దక్షత 1.34. ఆ ఒక్క సంవత్సరములో అతడు 402 మూడు పాయింట్ల బంతులు వేసినాడు. అయితే ఒక తరము ఆటగానిని వేరొక తరమువానితో నేరుగా తూచరాదు. గీతయు, శిక్షణయు మారినవి; ఆటగాండ్రందరి సగటు కూడ మారినది. ప్రతివానిని ముందుగా తన సమకాలికులతో పోల్చి, పిమ్మట తరములను పోల్చుట న్యాయము.

ఎన్ని బంతులు చాలును?

ఇప్పుడు మా ఏడవ నంబరు, పదకొండవ నంబరు లెక్కకు వత్తము. పదకొండవ నంబరు మాట మనసులో ముల్లువలె ఉండగా, ఆ ఆటలు చూచిన విద్యార్థుల జ్ఞాపకములను కూర్చి పట్టిక వేసినాము. లెక్క సులభముగా ఉండుటకు అంకెలను కొంచెము చదును చేసినాము. ఏడవ నంబరు 26 షాట్లలో 10, 8 ఫ్రీత్రోలలో 4 వేసినాడు. అవకాశములు 29.52, దక్షత 0.81. పదకొండవ నంబరు 10 షాట్లలో 5 వేసినాడు. అందులో ఒకటి మూడు పాయింట్లది. 4 ఫ్రీత్రోలలో 3 వేసినాడు. అవకాశములు 11.76, దక్షత 1.19.

ఇది చూడగానే మా తప్పు రుజువైనదని, అర్హుని విడిచి అనర్హుని పంపినామని అనుకొన్నాము. అదియు తొందరపాటే అయినది. పది షాట్లు చూచి ఒకని శక్తిని ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడే.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో బళ్ళారి జిల్లాలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించినాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము ఎం.ఏ. చదివి, మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించిన భారత సాంఖ్యక సంస్థలో చేరినాడు. ఇరువదియైదేండ్లకే, 1945లో, ఆయన ప్రకటించిన ఒక పరిశోధన వ్యాసము ప్రపంచ ప్రసిద్ధమైనది. స్వీడను దేశీయుడు హెరాల్డ్ క్రామర్ కూడ వేరుగా అదే ఫలితమును పొందినందున దానిని క్రామర్–రావు అవధి అని పిలుచుచున్నారు. 2001లో పద్మవిభూషణము, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమానము ఆయనకు లభించినవి. 2023 ఆగస్టులో 102 ఏండ్ల వయసున దివంగతుడైనాడు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆవరణలో ఆయన పేర ఒక పరిశోధన సంస్థ కలదు.

ఆ సిద్ధాంతపు సారమును స్థూలముగా ఇట్లు చెప్పవచ్చును. చేతిలో ఉన్న సమాచారము కొంచెమైనచో, పక్షపాతము లేని ఏ అంచనాయైనను, ఎంత తెలివిగా వేసినను, ఒక హద్దును మించి నిశ్చయముగా ఉండజాలదు. పాత్రలో ఉన్నన్ని నీళ్ళే తోడగలము. బంతులు పడు శాతమునకు ఆ హద్దు చాల సులభముగా కట్టవచ్చును. నిజమైన నైపుణ్యము నూటికి 50 అనుకొన్నచో, పది షాట్లలో కనబడు శాతము సుమారు 16 అటు ఇటు ఊగుట సహజము. దీనినే ప్రామాణిక దోషము అందురు. నూరు షాట్లు చూచినచో ఊగుట 5కు తగ్గును. నన్నూరు చూచినచో రెండున్నరకు తగ్గును. దోషము సగము కావలెనన్నచో షాట్లు నాలుగింతలు కావలెను.

ఏడవ నంబరు శాతము 38, పదకొండవ నంబరు శాతము 50. తేడా 12. కాని ఇంత తక్కువ షాట్లతో ఆ తేడాకే ప్రామాణిక దోషము 18 దాక ఉన్నది. అనగా ఆ తేడా నైపుణ్యమువలన వచ్చినదో, ఆనాటి గాలివాటమువలన వచ్చినదో ఆ పట్టిక చెప్పజాలదు. మాకు అప్పుడు అసలు తప్పు తెలిసినది. తగనివానిని పంపుట మా తప్పు అని ఇప్పటికిని చెప్పలేము. చాలినంత చూడకయే, చూచినదానిలో సగమే వ్రాసియు, తీర్పు సంతకము చేయుట మా తప్పు. పదకొండవ నంబరుకు స్థానము ఇవ్వవలసి ఉన్నదో లేదో తెలియదు; ఇంకొక తొంబది షాట్లు మాత్రము ఇవ్వవలసి ఉన్నది.

అంకె చెప్పని సంగతులు

అంకెల మీద మోజుతో అంకెలకు తెలియనివి మరువరాదు. ఏడవ నంబరును ప్రతిపక్షమువారు ఇద్దరు చుట్టుముట్టినందువలననే పదకొండవ నంబరు ఒంటరిగా నిలిచి తీరికగా విసరినాడేమో. కష్టమైన షాట్లు, సమయము ముగియుచుండగా వేయక తప్పని షాట్లు ఒకని వంతునకే వచ్చినచో వాని దక్షత తగ్గక తప్పదు. పది షాట్లలో ఐదు వేసినవానికి ఇరువదియారు అప్పగించినచో అదే దక్షత నిలుచునని నమ్మరాదు. సులభమైనవి ముందే అయిపోవును. బంతి అందించినవాడు, అడ్డుకొన్నవాడు, రింగు తాకి పైకెగసిన బంతిని పట్టినవాడు ఈ సూత్రములో కనబడరు. కబడ్డీలో కూత పెట్టి వెళ్ళినవాని పాయింట్లు అందరికి కనబడును. గొలుసు పట్టి నిలిచినవాని పట్టుదల అంతగా కనబడదు. కావున దక్షత అనునది తీర్పు కాదు, సాక్షి. సాక్షిని విచారింపక తీర్పు చెప్పరాదు. సాక్షి మాటయే తీర్పు అనుకొనరాదు.

మన మైదానములో చేయదగినది

దీనికి యంత్రములు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, రెండు పెన్సిళ్ళు, ఓపికగల ఇద్దరు విద్యార్థులు చాలును. ఆడలేనివారు, గాయపడి కూర్చున్నవారు ఈ పని చేసినచో వారును జట్టువారే యగుదురు. ప్రతి ఆటగానికి ఒక పుట; పుటలో మూడు గడులు: రెండు పాయింట్ల షాట్లు, మూడు పాయింట్ల షాట్లు, ఫ్రీత్రోలు. పడినదానికి నిలువు గీత, పడనిదానికి సున్న. ఒకడు చూచి చెప్పవలెను, ఇంకొకడు వ్రాయవలెను. చూచువాడే వ్రాసినచో తల వంచిన క్షణమున ఒక షాటు తప్పిపోవును. తేదీ, ఎదుటి జట్టు పేరు పైన వ్రాయవలెను. ఒక్కొక్కనికి కనీసము నూరు షాట్లు నిండువరకు ఎవరిని గూర్చియు తీర్పు చెప్పరాదు. అభ్యాసములో రోజు వ్రాసినచో కొద్ది వారములలోనే అన్ని నిండును.

నిండిన పిమ్మట పుటను ముందుగా ఆ ఆటగానికే చూపవలెను. తన షాట్లు ఎక్కడ తప్పుచున్నవో తెలిసినవాడు తానే దిద్దుకొనును. శిక్షకునికి అది ఎంపిక పత్రము. ఆటగానికి అది అద్దము.

మా కళాశాలలో రెండు భాషల విద్యార్థులు ప్రక్క ప్రక్కన కూర్చుందురు గనుక ఒక మాటతో ముగింతము. ఉర్దూలో న్యాయమునకు ఇన్సాఫ్ అందురు. ఆ మాట, సగము అను అర్థముగల అరబ్బీ నిస్ఫ్ అను మాట పుట్టిన ధాతువునుండియే పుట్టినది. ఇరుపక్షములకు వారి వారి సగము ఇచ్చుట ఇన్సాఫ్. పడినవి వ్రాసి పడనివి వ్రాయని పుస్తకములో ఒక సగమే ఉన్నది. పరీక్షలోను, ఉద్యోగములోను, మైదానములోను ఒకని మంచిచెడ్డలు తూచునప్పుడు అతడు ఏమి సాధించినాడని అడుగుటతోపాటు, అతనికి ఎన్ని అవకాశములు దొరకినవని కూడ అడుగవలెను. అవకాశములు కొద్దియైనచో తీర్పు వాయిదా వేసి, ఇంకొన్ని ఇవ్వవలెను.

ఆ విద్యార్థి నేడు ఎక్కడ ఉన్నాడో మాకు తెలియదు. ఈ సంచిక అతని కంటబడినచో, అతడు ఆనాడు చెప్పినది నిజమని మేము ఒప్పుకొన్నామని తెలిసికొనును. మైదానములో ఇప్పుడు మేము కూర్చున్నప్పుడెల్ల మా నోటుపుస్తకములో గీతలతోపాటు సున్నలు కూడ ఉండును.